తిన్నది ఒంటికి పట్టని కుక్కకు తిండి పెట్టడం ఎట్లా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా ఇంట్లో రెండున్నరేళ్ల జర్మన్ షెపర్డ్ మగకుక్క ఉంది, పేరు రాకీ. ఆరు నెలలుగా ఇద్దరు మనుషుల తిండి తింటున్నా చిక్కి ఎముకల గూడయింది. 30 కిలోలు ఉండేవాడు 19 కిలోలకు దిగాడు. రోజుకు ఏడెనిమిది సార్లు కుప్పలు కుప్పలుగా, పాలిపోయిన పసుపు రంగులో, జిడ్డుగా విరేచనం చేస్తాడు. దాన్నే మళ్లీ తినబోతాడు, ఎన్నిసార్లు కొట్టినా మానలేదు. మూడు సార్లు నట్టల మందు వేయించినా గుణం కనిపించలేదు. చివరికి హైదరాబాద్‌లో రక్తం తీసి పంపించిన టీఎల్ఐ అనే క్లోమగ్రంథి పరీక్షలో 1.4 వచ్చింది. క్లోమగ్రంథి పనిచేయడం లేదనీ, జీవితాంతం తిండిలో పొడి కలపాలనీ చెప్పారు కానీ ఎట్లా కలపాలో, ఏం వండాలో చెప్పలేదు. పది రోజులుగా పొడి వేస్తున్నాం, పెద్దగా మార్పు లేదు. మా అత్తమ్మ దిష్టి తగిలిందనీ, తిండి తగ్గిస్తే విరేచనాలు అవే ఆగుతాయనీ అంటున్నది. మా ఆయనేమో వాడి బాధ చూడలేక, సూది వేయించి నిద్రపుచ్చడమే మేలంటున్నాడు. ఏం చేయాలో చెప్పగలరు.

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు తిండి సంగతి చెబుతాను. దయచేసి ఒక్క ముద్ద కూడా తగ్గించకండి. మీ అత్తమ్మగారు చూసింది నిజమే, ఎంత తింటే అంత విరేచనం అవుతున్నది. కానీ రాకీ ఎక్కువ తిని చెడిపోతున్న కుక్క కాదు, కడుపు నిండా తిండి ఉండి కూడా ఆకలితో మాడుతున్న కుక్క. మనం తిన్న అన్నాన్నీ మాంసాన్నీ కొవ్వునూ రక్తంలోకి ఇంకేంత సన్నగా విడగొట్టే ఎంజైములను క్లోమగ్రంథి తయారు చేసి చిన్నపేగు మొదట్లోకి పంపుతుంది. ఆ గ్రంథిలో దాదాపు 90 శాతం దెబ్బతినేదాకా పైకి ఏ లక్షణమూ కనిపించదు కాబట్టి, మీరు ఆరు నెలల కింద గమనించిన జబ్బు అంతకంటే చాలా ముందే లోపల మొదలై ఉంటుంది. జర్మన్ షెపర్డ్ జాతిలో ఇది వంశపారంపర్యంగా వస్తుందనీ, శరీరంలోని రోగనిరోధక కణాలే సొంత గ్రంథి మీద దాడి చేసి ఎంజైములు తయారు చేసే భాగాన్ని ఎండగొడతాయనీ వైద్యశాస్త్రం తేల్చింది. మీరు పెట్టిన తిండి వల్ల గానీ, చూసిన కళ్ల వల్ల గానీ వచ్చింది కాదు. ఈ మాట మీ అత్తమ్మగారికి నెమ్మదిగా చెప్పండి, ఎందుకంటే ఇకముందు ఈ పనిలో ఆమె సాయం మీకు చాలా అవసరం.

పరీక్ష ఫలితం మీద మీకేమైనా అనుమానం ఉంటే అది కూడా వదిలేయండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో టీఎల్ఐ విలువ సాధారణంగా 5.7 కంటే ఎక్కువ ఉంటుంది, 2.5 లేదా అంతకంటే తక్కువ ఉండి ఇటువంటి లక్షణాలు కూడా ఉంటే జబ్బు నిర్ధారణ అయినట్టే. మామూలు రక్తపరీక్షలో చూసే అమైలేజ్, లైపేజ్ అనే ఎంజైముల అంకెలు బాగానే ఉన్నాయని ఈ జబ్బు లేదనుకోవడం పొరపాటు. ఆ పొరపాటు వల్లనే చాలా కుక్కలు నెలల తరబడి నట్టల మందు తాగుతూ కూర్చుంటాయి.

ఇక పొడి విషయం. గ్రంథి తయారు చేయలేని ఎంజైములనే ఈ పొడి తిండిలో అందిస్తుంది. పది రోజులు వేసినా మార్పు లేదని రాశారు, ఎట్లా వేస్తున్నారో మాత్రం రాయలేదు. చాలా ఏళ్ల కింద నేను ఒక కుటుంబానికి ఇదే పొడి రాసిచ్చాను. రెండు వారాల తర్వాత వాళ్లు అంతే చిక్కిన కుక్కను తీసుకొచ్చి మందు పనిచేయలేదన్నారు. అడిగితే తెలిసింది, పొయ్యి మీది నుంచి దించిన అన్నం మీద, పొగలు కక్కుతుండగానే పొడి చల్లి కలుపుతున్నారు. వేడికి ఎంజైము చచ్చిపోతుందని నేను వాళ్లకు చెప్పలేదు, ఆ రెండు వారాల కష్టమంతా నా నోట రాని ఆ ఒక్క మాట వల్ల వృథా అయింది. అందుకే మీకు ప్రతి చిన్న సంగతీ రాస్తున్నాను.

అన్నం, మాంసం పూర్తిగా చల్లారాలి, వేలు పెడితే గోరువెచ్చగా కూడా అనిపించకపోతే ఇంకా మంచిది. చల్లారిన తిండిని చేత్తో మెత్తగా పిసికి, కొన్ని నీళ్లు చల్లి తడిగా చేసి, దాని మీద పొడి వేసి, ప్రతి మెతుకుకూ అంటేటట్టు కలపాలి. మొదట్లో 10 కిలోల బరువుకు ఒక చెంచా, అంటే టీ చెంచా, చొప్పున ప్రతి పూటా వేస్తారు. రాకీకి పూటకు రెండు చెంచాలు అన్నమాట. మీ డాక్టరు రాసిన మోతాదు ఇంతకంటే బాగా తక్కువగా ఉంటే, లేదా రోజుకు ఒక్కసారే వేయమని మీరు అర్థం చేసుకుని ఉంటే, మార్పు కనిపించకపోవడానికి అదే కారణం కావచ్చు, ఒకసారి ఆయనను అడగండి. పొడి ఉదయం వేస్తే సాయంత్రం తిండికి పనికిరాదు. ఏ తిండికి ఆ తిండితోనే, అదే గిన్నెలో వెళ్లాలి. కలిపిన తర్వాత అరగంట నానబెట్టాలని కొందరు చెబుతారు కానీ, జీర్ణం కావడానికి అది తప్పనిసరి కాదు. అయితే పొడిగా ఉన్న మందు నోటికి అంటుకుని చిగుళ్లు, పెదవులు పుండ్లు పడే కుక్కలు కొన్ని ఉంటాయి, వాటికి తడిపి ఇరవై నిమిషాలు ఉంచి పెడితే కొంత సుఖంగా ఉంటుంది. గిన్నెలో ఎర్రటి చారలు కనిపించినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా మోతాదు తగ్గించే విషయం డాక్టరుతో మాట్లాడండి.

పొడి మంచిదో కాదో కొంతవరకు ఇంట్లోనే తెలుసుకోవచ్చు. చిక్కటి అన్నపు గంజి రెండు గ్లాసుల్లో సమానంగా పోసి పూర్తిగా చల్లారనివ్వండి. ఒకదానిలో పావు చెంచా పొడి వేసి కలిపి, రెండోదాన్ని ఊరికే కలిపి, రెండూ పక్కపక్కన పెట్టండి. పొడి పనిచేసేదైతే అరగంటలోపే దాని గ్లాసులోని గంజి చిక్కదనం పోయి నీళ్లలా పలుచనై, చెంచాతో ఎత్తితే జారిపోతుంది, రెండోది ఎప్పటిలాగే తీగలు సాగుతుంది. ఇది పిండిపదార్థాన్ని విరిచే శక్తిని మాత్రమే చూపిస్తుంది, కొవ్వును విరిచే లైపేజ్ ఇంకా సున్నితమైనది కాబట్టి గంజి పలుచనైనంత మాత్రాన అంతా బాగుందని చెప్పలేం. కానీ గంజి కదలకుండా ఉంటే మాత్రం ఆ డబ్బా మార్చవలసిందే. మన వైపు మే నెల ఎండలో వంటగది గూట్లో, పొయ్యి పక్కన పెట్టిన డబ్బా ఇట్లా అయినా ఆశ్చర్యం లేదు. మూత గట్టిగా పెట్టి చల్లటి, తడి లేని చోట ఉంచండి. కలిపేటప్పుడు పొడి ముక్కులోకి పోకుండా చూసుకోండి, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు.

మందుల దుకాణంలో అజీర్తికి ఇచ్చే సిరప్ దీనికి బదులు పనికిరాదు. వాటిలో సాధారణంగా ఉండే డయాస్టేజ్, పెప్సిన్ వంటివి కొవ్వును విరవలేవు. మనుషులకు అమ్మే పాంక్రియాటిన్ (క్లోమం ఎంజైముల) క్యాప్సూళ్లు అసలు పొడి దొరకని రోజుల్లో డాక్టరు సలహాతో వాడవచ్చు, అయితే విప్పి తిండిలో కలపాలి. పూత పూసిన మాత్రను మాత్రం అట్లాగే మింగిస్తే కొన్ని కుక్కల్లో సరైన చోట కరగకుండానే కిందికి దిగిపోతుంది.

పొడి ఖర్చు నెలనెలా భారమే అవుతుంది. మీరు ఆ మాట రాయలేదు గానీ, మీ ఆయన మనసులో అది కూడా ఉండి ఉంటుందని నా అనుమానం, అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. దానికి ఒక పాత ఉపాయం ఉంది. జంతువుల పచ్చి క్లోమంలో ఈ ఎంజైములే ఉంటాయి. ఒక చెంచా పొడికి బదులు 30 నుంచి 90 గ్రాముల పచ్చి క్లోమం సన్నగా తరిగి తిండిలో కలిపితే సరిపోతుంది. మటన్ దుకాణంలో అడిగేటప్పుడు కార్జం, తిల్లి, బోటి అని అడిగినట్టు దీన్ని పేరుతో అడిగితే అర్థం కాకపోవచ్చు. కడుపు తిత్తి దగ్గర, చిన్నపేగు మొదటి మడతను అంటుకుని, లేత గులాబీ రంగులో, వేలితో నొక్కితే చిన్న చిన్న గింజల ముద్దలా తగిలే మెత్తటి భాగం కావాలని చెప్పి, పొద్దున్నే కోసేటప్పుడు దగ్గర నిలబడి చూపించండి. కొవ్వుతో కలిపి పారేసే భాగమే కాబట్టి రెండు మూడు సార్లు చూపిస్తే తీసి పెడతారు. గొర్రె, మేకలలో ఇది చిన్నగా ఉంటుంది కాబట్టి చాలా వాటి నుంచి పోగు చేయాలి. పెద్దమాంసం ఇంట్లోకి తెచ్చే అలవాటు ఉన్నవాళ్లకు గేదె క్లోమం ఒక్కటే చాలా పూటలకు వస్తుంది. ఇంటికి తెచ్చేదాకా మంచుముక్కల డబ్బాలో ఉంచి, తేగానే తరిగి, ఒక్కో పూటకు ఒక్కో చిన్న కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే కొన్ని నెలల వరకు శక్తి తగ్గదు. ముందురోజు రాత్రి ఒక కవరు తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టుకోండి. వేడినీళ్లలో వేసి కరిగించకూడదు, ఉడికించనే కూడదు.

అయితే దీనితో ఒక ప్రమాదం ఉంది, గొర్రెల మందలూ కుక్కలూ కలిసి బతికే మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దాన్ని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. గొర్రెల కార్జంలో, ఊపిరితిత్తుల్లో ఒక్కోసారి నీళ్లు నిండిన తెల్లటి తిత్తులు కనిపిస్తాయి. ఆ తిత్తులున్న మాంసం పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో ఒక రకం సన్నటి నట్టలు పెరుగుతాయి, వాటి గుడ్లు కుక్క విరేచనం ద్వారా మన చేతులకు, నీళ్లకు చేరితే మన కార్జంలోనే అటువంటి తిత్తులు పెరుగుతాయి, వాటికి పెద్ద ఆపరేషన్ అవసరం కావచ్చు. అందుకని క్లోమం తప్ప వేరే ఏ లోపలి భాగాన్నీ పచ్చిగా పెట్టవద్దు, తిత్తి కనిపించిన జంతువు నుంచి క్లోమం కూడా తీసుకోవద్దు, పచ్చిది పెట్టినన్నాళ్లు ఆరు వారాలకు ఒకసారి ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు బరువును బట్టి డాక్టరుతో వేయించండి. ఇంట్లో చిన్న పిల్లలు ఉంటే, పొడి కొనగలిగినంత కాలం పొడినే వాడమని నా సలహా.

వంట సులువే. పీచు తక్కువ ఉండి త్వరగా అరిగే తిండి కావాలి. జొన్నరొట్టె, జొన్నగటక, సజ్జలు, పప్పు, ఆకుకూరలు మనకు ఎంత మంచివైనా రాకీకి ఇప్పుడు పనికిరావు, పీచు ఎంజైముల పనికి అడ్డం వస్తుంది. రోజుకు 200 గ్రాముల తెల్ల బియ్యం బాగా మెత్తగా వండి, ఎముకలూ తోలూ తీసిన 400 గ్రాముల కోడిమాంసం ఉడికించి, రెండు ఉడికిన గుడ్లు కలిపి మూడు పూటలుగా పంచండి. ఇది 30 కిలోల కుక్కకు సరిపోయే తిండి, వాడు ఇప్పుడున్న 19 కిలోలకు కాదు, చేరవలసిన బరువుకు లెక్క. వారం తర్వాత విరేచనం గట్టిపడి కూడా ఆకలితో తిరుగుతుంటే నాలుగో వంతు పెంచండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం, పోపు వద్దు. పాలు వద్దు, కొంచెం పెరుగు పరవాలేదు. కొవ్వును పూర్తిగా మానేయవలసిన అవసరం లేదు, కానీ ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు. ఎముకలు లేని ఇంటి వంట నెలల తరబడి పెడితే సున్నం, ఇతర ఖనిజాలు తగ్గుతాయి కాబట్టి కుక్కల కోసం తయారైన మినరల్ మిశ్రమం ఏది, ఎంత కలపాలో మీ డాక్టరును అడిగి మొదలుపెట్టండి. త్వరగా అరిగే రకం డ్రై ఫుడ్ పెట్టినా మంచిదే, దాన్ని కూడా నీళ్లతో నానబెట్టి పొడి కలపాలి.

పొడీ తిండీ రెండూ సరిగ్గా ఉన్నా కొన్ని కుక్కలు కోలుకోవు, ఎక్కువసార్లు దానికి కారణం బి12 విటమిన్. కుక్కల్లో బి12 రక్తంలోకి చేరడానికి అవసరమైన ఒక పదార్థం కూడా ఎక్కువగా క్లోమగ్రంథి నుంచే వస్తుంది. గ్రంథి ఎండిపోతే అది కూడా పోతుంది. మీ ఉత్తరంలో బి12 మాటే లేదు కాబట్టి రేపే అడగండి. బరువును బట్టి 250 నుంచి 1500 మైక్రోగ్రాముల దాకా వారానికి ఒక సూది చొప్పున ఆరు వారాలు, తర్వాత ఒక నెల ఆగి ఇంకొక్కటి, ఆపై రక్తపరీక్ష, ఇది వాడుకలో ఉన్న పద్ధతి. 19 కిలోలకు 800 మైక్రోగ్రాములు వస్తుంది. బి-కాంప్లెక్స్ సూది దీనికి సరిపోదు. అందులో బి12 చాలా తక్కువ, నొప్పి మాత్రం ఎక్కువ. బి12 ఒక్కటే ఉన్న మందు అడగండి. ఆ తర్వాత కూడా గుణం లేకపోతే పేగుల్లో క్రిములు పెరిగాయా, పేగుకు వేరే జబ్బు ఉందా అన్నది చూసి టైలోసిన్ వంటి యాంటీబయాటిక్ మందు వాడాలా, కడుపులో ఆమ్లం తగ్గించే మాత్ర ఇవ్వాలా అన్నది డాక్టరు నిర్ణయించాలి. అవసరమైతే రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి పరీక్ష కాగితాలన్నీ తీసుకుని వెళ్లండి.

విరేచనం తింటున్నందుకు కొట్టడం ఈ రోజే ఆపండి. అది చెడ్డ అలవాటు కాదు. అరగని కొవ్వు, మాంసం అందులో అట్లాగే ఉన్నాయి, ఆకలిగా ఉన్న కుక్క ముక్కుకు అది తిండి వాసనే వేస్తుంది. వాడు విరేచనం చేయగానే దాన్ని ఎత్తి పూడ్చేయండి, బయటికి తిప్పేటప్పుడు మూతికి గాలి ఆడే బుట్ట కట్టండి. ఒంటికి తిండి పట్టడం మొదలైన కొన్ని వారాల్లో చాలా కుక్కలు తమంతట తామే మానుకుంటాయి.

పొడి లేని ముద్ద మీ గడప లోపల ఎక్కడెక్కడ దొరుకుతుందో వెతకడం మీకే సాధ్యమైన పని. అచ్చంపేట దగ్గర ఒక ఇంట్లో అంతా నియమంగా చేస్తున్నా ఒక కుక్కకు విరేచనాలు తగ్గకపోతే, ఒకరోజు పొద్దున్నే వెళ్లి వాకిట్లో కూర్చున్నాను. ఇంటి పెద్దాయన చాయ్ తాగుతూ రస్కు ముంచి, సగం తాను కొరికి, సగం ఎవరూ చూడకుండా మంచం కిందికి జారవిడుస్తున్నాడు. అడిగితే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, "నోరులేనిది నా ముఖం దిక్కే చూస్తది సార్, ఎట్ల ఊకుంటాం?" అన్నాడు. ఆయన చేతికే పొడి డబ్బా ఇచ్చి, మూడు పూటలా కలిపి పెట్టే పని అప్పజెప్పాం. రస్కు ఆగింది, నాలుగు రోజుల్లో విరేచనం గట్టిపడింది. మీ అత్తమ్మగారికి కూడా ఆ పని ఇవ్వండి. దసరాకు, బోనాలకు చుట్టాలు వచ్చినప్పుడు రాకీని లోపలి గదిలో ఉంచండి, ఆ రోజుల్లో ప్రతి విస్తరి నుంచీ ఒక తునక పడుతుంది.

ఒకటి మాత్రం రాత్రైనా ఆగకూడని సంగతి. ఈ జబ్బున్న జర్మన్ షెపర్డ్ కుక్కల్లో కడుపు గానీ పేగులు గానీ మెలిపడే ప్రమాదం ఉంటుంది. పొట్ట ఉన్నట్టుండి బిగుసుకుని ఉబ్బినా, ఏమీ పడకుండా ఊరికే డోకుతున్నా, చొంగ కారుస్తూ నిలవలేక కూలబడినా గంటలో ఆపరేషన్ చేసే చోటికి చేర్చాలి. దేవరకొండ నుంచి ఆ వసతి ఉన్న ఆసుపత్రి ఏది, రాత్రి తెరిచి ఉంటుందా అన్నది ఇప్పుడే కనుక్కుని ఫోన్ నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి.

నిద్రపుచ్చే మాట గురించి మీ ఆయనతో ఇట్లా చెప్పండి. బ్రిటన్‌లో ఈ జబ్బుకు చికిత్స పొందిన కుక్కల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో సగం కుక్కలు ఐదేళ్లకు పైగానే బతికాయి. కొన్నిటిని మాత్రం మొదటి సంవత్సరంలోనే, చికిత్స కుదిరేలోపే నిద్రపుచ్చారు. రాకీ ఇప్పుడు ఆ మొదటి సంవత్సరంలోనే ఉన్నాడు. సరిగ్గా కలిపిన పొడి, బి12 సూదులు ఆరు వారాలు పడకముందు ఆ నిర్ణయం తీసుకోవడం నాకు న్యాయంగా కనిపించడం లేదు. అన్నీ చేసి, పేగుల పరీక్ష కూడా చేయించి, అప్పటికీ బరువు దిగుతూ లేవలేని స్థితి వస్తే ఆ రోజు మీ ఆయన మాటను నేను కాదనను. వాడు బాగుపడినా ఆడకుక్కతో కలపవద్దు, పిల్లల్లోకి ఇదే జబ్బు పాకే అవకాశం ఉంది. వాడిని కొన్న చోట ఆ తల్లిదండ్రుల మరో ఈత అమ్ముతుంటే వాళ్లకు కూడా చెప్పండి.

బరువు చూడడానికి మీ ఊళ్లో పత్తి తూచే కాంటా చాలు. ప్రతి ఆదివారం ఒకే కాంటా మీద, పొద్దున తిండికి ముందు, వాడిని ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి తూచి తేడా రాసుకోండి. రోజుకు ఎన్నిసార్లు వెళ్లాడో, ఏ రంగో, చేతికి ఎత్తగలిగేంత గట్టిగా ఉందా లేదా అన్నది పక్కనే రాయండి. మోతాదు కుదిరితే విరేచనం మొదటి వారంలోనే మారుతుంది, బరువు రెండో వారం తర్వాత కదులుతుంది. ఆరు ఆదివారాల అంకెలూ, ఇప్పుడు మీరు వాడుతున్న పొడి పేరూ, బి12 పరీక్ష ఫలితమూ కలిపి నాకు మళ్లీ రాయండి, పొడి ఎంతవరకు తగ్గించవచ్చో అవి చూసి చెబుతాను.